డైరెక్టర్ల పేజీలో వేణుమా

2022లో, వానలు వెనకబట్టిన రోజులు. గోదావరి వరద లంకల్లోంచి తీసి నెలన్నర దాటింది. అమలాపురంలో మా ఆఫీసు కిటికీ తలుపులు తడికి ఉబ్బిపోయి అప్పటికింకా సరిగ్గా పడేవి కావు. నేను కంపెనీ సెక్రటరీని. ఈ మాట వినగానే చాలామంది మేనేజరు పక్కన కూర్చుని ఉత్తరాలు టైపు చేసే ఉద్యోగమనుకుంటారు. నిజానికి ఇది చట్టానికి సంబంధించిన వృత్తి. ఒక కంపెనీ బోర్డు ఎప్పుడు కూర్చుంది, ఏం తీర్మానించింది, డైరెక్టర్లుగా ఎవరు వచ్చారు, ఎవరు దిగిపోయారు, ఇవన్నీ పద్ధతి ప్రకారం రాసి గడువులోగా ప్రభుత్వానికి పంపడం మా పని. మా నాన్నగారు వేదపాఠశాలలో అధ్యాపకులుగా చేశారు. ఒక్క స్వరం తప్పితే పనస, అంటే ఆ వేదభాగం, మొదటినుంచీ చెప్పించేవారు. ఆ చాదస్తమే నాకు ఫారాలు నింపడంలో వచ్చిందని ఇంట్లో ఇప్పటికీ వేళాకోళం చేస్తారు.

నా దగ్గరకు వచ్చే కంపెనీల్లో ఒకటి రాజోలు వైపు కొబ్బరి రైతులది. ప్రొడ్యూసర్ కంపెనీ అంటారు దాన్ని. రైతులే వాటాదార్లు, వాళ్ళలోంచి ఎన్నికైన వాళ్ళే డైరెక్టర్లు. కొబ్బరినూనె, పీచు తాళ్ళు తయారు చేస్తారు. ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో మహిళల తరఫున సత్యవేణి గారిని డైరెక్టరుగా ఎన్నుకున్నారు. యాభై దాటిన మనిషి. భర్త కొబ్బరి దింపు తీస్తారు. ఇద్దరి పేరా కలిపి ఎకరం తోట ఉంది. నూనె యూనిట్లో ఆవిడ డబ్బా మూత తీసి వాసన చూసి, ఇది పనికిరాదు అంటే ఇక ఎవరూ వాదించరట. అందుకే ఎన్నుకున్నారని చైర్మన్ సూర్యనారాయణ గారు చెప్పారు.

డైరెక్టరు కావాలంటే ముందు సమ్మతి పత్రం ఇవ్వాలి. మా భాషలో డీఐఆర్-2. అందులో వృత్తి అని ఒక గడి ఉంటుంది.

“ఏమని రాయమంటారండీ?” అని అడిగాను.

“ఏమీ లేదండి. ఇంటికాడే ఉంటానండి.”

“అంతకుముందు?”

“మస్కట్లో ఉన్నానండి, పన్నెండేళ్ళు. ఇంటి పని. అది కూడా రాయాలాండి?”

“ఇప్పటి వృత్తి రాస్తే చాలండి,” అని వ్యవసాయం అని నింపేశాను. ఆవిడ గండం గడిచినట్టు ఊపిరి వదిలి, ఒక్కొక్క అక్షరమే దిద్దినట్టుగా సంతకం చేశారు.

రెండు వారాల తరవాత చైర్మన్ గారు ఫోను చేశారు. ఆయన సహకార సంఘంలో కార్యదర్శిగా చేసి రిటైరైన మనిషి. చెన్నైలో ఒక ఎగుమతిదారు మా కంపెనీ సరుకు తీసుకోవడానికి ఇష్టపడ్డాడట. కాని ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో బోర్డు వివరాలు ఉండాలన్నాడట. ఒక్కొక్క డైరెక్టరు వృత్తిరీత్యా ఎవరు, ఏ అనుభవం ఉంది అనేది. మేము డైరెక్టర్ ప్రొఫైల్ అంటాము.

“అమ్మా, మనిషికి నాలుగు ముక్కలు చొప్పున బాగుండేలా రాసి పెట్టండి. చదివినవాడికి మన మీద గురి కుదరాలి,” అన్నారు.

నాకు ఆ విద్య బాగానే వచ్చు. ఏడుగురు డైరెక్టర్లకీ రెండు రోజుల్లో ఇంగ్లీషులో రాసేశాను. దిండి రేవులో వంతెన పడకముందు పంటు నడిపిన వెంకన్న గారికి ‘రవాణా రంగంలో ఇరవై ఏళ్ళ అనుభవం’ అని రాశాను. పంటు అంటే జనాన్నీ బస్సుల్నీ గోదావరి దాటించిన పడవ. సత్యవేణి గారికి ‘విదేశాల్లో ఆతిథ్య రంగంలో పన్నెండేళ్ళ అనుభవం’ అని రాశాను. రాసి, మళ్ళీ చదువుకుని ముచ్చటపడ్డాను కూడా.

ప్రొఫైల్ బయట పెట్టేముందు దాన్ని సంబంధించిన డైరెక్టరుకి చదివి వినిపించి సంతకం తీసుకోవడం నా అలవాటు. సత్యవేణి గారు బస్సు దిగి ఎండలో నడిచి వచ్చారు. టీ తెప్పించి, రాసినదాని అర్థం తెలుగులో చెప్పాను.

“ఆతిథ్య రంగం అంటే ఏంటండి?”

“హోటళ్ళు, అతిథులకి వసతి, భోజనాలు చూడటం, అలాంటివండి.”

“నేను హోటల్లో చెయ్యలేదు గదండీ.”

“అదే, చదివేవాళ్ళకి కొంచెం మర్యాదగా ఉంటుందని...”

“ఇంటి పని మర్యాద కాదాండి?”

కోపంతో అన్న మాట కాదది. తెలియక అడిగినట్టే అడిగారు. కాగితం సర్దుకుంటూ కూర్చున్నాను. ఆవిడే మళ్ళీ అడిగారు.

“ఇది ఫోనులో ఎవరైనా చూడొచ్చాండి?”

“ఎవరైనా చూడొచ్చండి.”

“మస్కట్ వాళ్ళు కూడానా?”

“ప్రపంచంలో ఎక్కడివాళ్ళైనా సరే.”

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. తాగలేదు. మస్కట్ సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

ఆవిడ పనిచేసిన ఇంట్లో అమ్మగారు ఆస్పత్రి ఉద్యోగి. పాప పుట్టిన నలభయ్యో రోజునుంచి సత్యవేణి గారి చేతుల్లోనే పెరిగింది. స్నానం, పాలు, జ్వరం, బడి సంచి, అన్నీ ఈవిడే. పాపకి అరబ్బీ మాటలతోపాటే కోనసీమ మాటలూ వచ్చేశాయి. ఏదైనా పని చెబితే “ఆయ్” అనేదట. వాళ్ళమ్మ విని, ఇదేం మాటే అని నవ్వేదట. రాత్రిళ్ళు ఈవిడ చున్నీ కొస పిడికిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదట.

“తొమ్మిదేళ్ళు పెంచేనండి. రెండు నెల్లు సెలవు పెట్టి వచ్చేను. వచ్చేటప్పుడు గుమ్మం కాడ నా చెయ్యి ఒదల్లేదండి. రెండు నెల్లే గదా తల్లీ, నీ పరీక్షలు అయ్యేసరికి వచ్చేత్తానని చెప్పేనండి. ఇక్కడికొచ్చిన నెలకే కరోనా. విమానాలు ఆగిపోయేయి. వీసా గడువు అయిపోయింది. మొదట్లో అమ్మగారు ఫోను చేసి పిల్లకిచ్చేవారు. తరవాత అయ్యగారికి వేరే దేశంలో ఉద్యోగమొచ్చి మారిపోయేరంట. ఆ నెంబరు పలకడం మానేసిందండి. ఏజెంటునడిగితే నాకేం తెలుసన్నాడు.”

“ఎంతకాలమైంది?”

“ఏడాది దాటిందండి. ఆ పిల్లకి పన్నెండు నడుత్తా ఉంటాది. నేను మాట తప్పేనని అనుకుంటాదండి. అదొక్కటే నాకు. కనపడకపోయినా పర్లేదండి. నేను కావాలని ఒదిలేసి రాలేదని తెలిస్తే చాలు.”

అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ ఏం అడగబోతున్నారో. “మీరు హోటలని రాస్తే ఆ పిల్ల నన్నెలా కనిపెడతాదండి? ఇంటి పని చేసేనని రాయండి. పిల్లని పెంచేనని రాయండి. ఆ పిల్ల పేరు కూడా రాయండి,” అన్నారు.

పేరు రాయడానికి నేను ఒప్పుకోలేదు. ఒక మైనరు పిల్ల పేరూ, ఆ ఇంటివాళ్ళ పేరూ వాళ్ళని అడక్కుండా అందరూ చూసేచోట పెట్టకూడదు. వాళ్ళకి అది ఇబ్బంది కావచ్చు, కంపెనీకీ చిక్కు రావచ్చు. ఇదంతా విడమరిచి చెప్పాను. ఆవిడ తల వంచుకుని విన్నారు. అంతవరకు కష్టం చెప్పుకున్నప్పుడు రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి ఆవిడ కళ్ళలో. చట్టం నా పక్కనుంది. అయినా ఆ క్షణాన నాకు చాలా చిన్నతనం అనిపించింది.

“వాళ్ళ పేర్లు వద్దు. అక్కడ మిమ్మల్ని ఏమని పిలిచేవారండీ?” అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

“అమ్మగారోళ్ళు సత్యా అనేవోరండి. పిల్ల మాత్రం వేణుమా అనేది. వేణూ, అమ్మా రెండూ కలిపేసిందండి. దానికి రెండేళ్ళప్పుడు వచ్చిన మాట. ఇంకెవరూ అలా పిలవరు నన్ను, ఇక్కడ గాని అక్కడ గాని.”

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. ఆ పిల్ల ఎప్పుడైనా ఈవిడ కోసం వెతికితే ఆ పేరుతోనే వెతుకుతుంది. డైరెక్టరుకి మరో పేరు ఉంటే ప్రొఫైల్‌లో చూపించడానికి అభ్యంతరమేమీ లేదు. అయితే ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరుని నాలుగైదు రకాలుగా రాయొచ్చు. పిల్ల ఎలా రాసేదో తెలియాలి కదా అన్నాను.

మర్నాడే ఆవిడ మళ్ళీ వచ్చారు. ఒక ప్లాస్టిక్ కవరులోంచి పుట్టినరోజు కార్డొకటి తీశారు. అట్ట మీద రంగు పెన్సిళ్ళతో వేసిన ఇల్లు, పక్కన చీర కట్టుకున్న మనిషి. లోపల పెద్ద పెద్ద అక్షరాలు. నేను పైకి చదివాను: వి, ఇ, ఎన్, యు, ఎమ్, ఎ. ఆవిడ నాతోపాటే పెదాలు కదిపారు. ఆ ఆరక్షరాలూ ఎప్పటినుంచో ఆవిడకి కంఠతా వచ్చు.

“చెమ్మ తగలకుండా భలే దాచారండీ,” అన్నాను.

“నేను కాదండి, మా అమ్మాయండి. మొన్న గోదావరి వచ్చి ఇంట్లోకి నీళ్ళొచ్చేత్తా ఉంటే ముందు ఈ కవరే అటక మీద పెట్టింది. దాన్ని మా అక్క పెంచిందండి, నేను మస్కట్లో ఉండగా. ఇప్పటికీ మా అక్కనే అమ్మా అంటాది.” ఆగి, కార్డు మళ్ళీ కవరులో పెడుతూ అన్నారు. “దానికి నా మీద కోపం ఉండాలండి అసలు. మరి ఈ కవరు ఎందుకు పైకెత్తిందో నేనడగలేదు, అది చెప్పలేదు.”

ప్రొఫైల్ మళ్ళీ రాశాను. మస్కట్‌లో ఒక ఇంట్లో పన్నెండేళ్ళు పనిచేశారని, ఆ ఇంటి పాపని పుట్టినప్పటినుంచి తొమ్మిదేళ్ళు పెంచారని, ఆ పాప ఆవిణ్ణి వేణుమా అని పిలిచేదని, రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు కరోనా వల్ల దారులు మూసుకుపోయి తిరిగి వెళ్ళలేకపోయారని రాశాను. ఏ కంపెనీ డైరెక్టరు గురించీ అలా రాయరు. నేనూ అంతకుముందు రాయలేదు.

బోర్డు సమావేశం గోదాము మేడ మీద గదిలో జరిగింది. కింద కొబ్బరి ఒలిచే చప్పుడు. ప్రొఫైళ్ళు ఒక్కొక్కటే చదివాను. సత్యవేణి గారిది చదివాక చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సత్యవేణి గారూ, మిమ్మల్ని తక్కువ చెయ్యాలని కాదండి. కొనేవాళ్ళు ముందు కాగితం చూస్తారు. బోర్డులో ఇంటి పనివాళ్ళున్నారంటే లోకువ కట్టేస్తారేమోనని నా భయం. మొన్న సెక్రటరీ గారు రాసిందే బావుంది కదండీ.”

సత్యవేణి గారు లేచి నిలబడ్డారు. కూర్చుని చెప్పొచ్చండీ అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

“నూనె బావుందో పాడైందో నేను వాసన చూసి చెప్తే మీరంతా ఆ డబ్బా పక్కన పెట్టేత్తన్నారు గదండీ. ఈ ముక్కు ఎక్కడ తయారైందండి? ఆ ఇంటి వంటగదిలో. పిల్లకి పెట్టే ప్రతిదీ ముందు వాసన చూసేదాన్నండి, తొమ్మిదేళ్ళు. ఆ పని మీకు కావాలి. ఎక్కడ నేర్చుకున్నానో చెప్పడానికి మాత్రం మొహమాటం. అదేనండి నాకు తెలీటం లేదు.”

ఆ మాటకి ముందు కదిలింది వెంకన్న గారు. “అయితే నాది కూడా మార్చండి అమ్మా. రవాణా రంగం అంటే నాకేవో లారీలున్నట్టుంది. నేను పంటు సరంగునండి. ఇరవై ఏళ్ళు నీళ్ళ మీదే ఉన్నాను. వంతెన పడ్డాకా ఆ రేవు వైపు చూడబుద్ధి కాలేదు నాకు. అలాగే రాయండి, సరంగు అని.”

చైర్మన్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆఖరికి, “ఆయ్, అలాగే కానివ్వండి. పోతే ఒక బేరం పోతుంది,” అన్నారు. తీర్మానం రాసుకున్నాను. చెప్పడం మరిచాను, బేరం పోలేదు. చెన్నై ఆయన ఆ పేజీ గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు. పీచు నమూనా పంపమన్నాడు, అంతే.

పేజీ వెబ్‌సైట్‌లోకి ఎక్కిన రోజున నా కంప్యూటర్లో ఆ ఆరక్షరాలూ కొట్టి వెతికి చూపించాను. మొదటి వరసల్లోనే వచ్చింది. ఆవిడ తెర మీద వేలు పెట్టి తన పేరు తడిమారు.

ఇక అక్కణ్ణించి ఎదురుచూపులు మొదలయ్యాయి. ప్రతి బోర్డు సమావేశానికీ ఆవిడ అందరికంటే ముందే వచ్చేవారు. నేను మెట్లెక్కి వస్తుంటే, “ఏమైనా వచ్చిందాండి?” అనేవారు. కంపెనీ ఈమెయిల్ తెరిచి చూసేదాన్ని. యంత్రాలు అమ్మేవాళ్ళు, సీసాలు అమ్మేవాళ్ళు. లేదండీ అనేదాన్ని. “సర్లెండి,” అని లోపలికి వెళ్ళి చాప సర్దేవారు. ఒకసారి గల్ఫ్ నెంబరు నుంచి ఫోను వచ్చిందని ఆఫీసులో చెబితే రెండు బస్సులు మారి పరుగెత్తుకొచ్చారు. అది కొబ్బరి పొడి కావాలని ఎవరో వ్యాపారి చేసింది. ఆ రోజు ఆవిడకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. వెళ్ళేటప్పుడు, “మస్కట్ నెంబరేనండి మరి,” అన్నారు నవ్వుతూ.

మూడేళ్ళు గడిచాయి. మా కంపెనీ నియమావళి ప్రకారం డైరెక్టరు పదవి మూడేళ్ళు. మళ్ళీ ఎన్నుకుంటే మళ్ళీ ఉండొచ్చు. ఈసారి ఐ.పోలవరం వైపునుంచి నాగమణి అనే ఆవిడ నిలబడతానన్నారు. పీచు తాళ్ళ యూనిట్ సొంతంగా నడిపిన మనిషి. కంపెనీకి కావలసిన మనిషే. కాని సభ్యుల్లో ఎక్కువమంది సత్యవేణి గారికే చెయ్యెత్తేవారు.

సమావేశానికి వారం ముందు ఆవిడ నా దగ్గరకు వచ్చారు. “నేను దిగిపోతే ఆ పేజీలో నా పేరు తీసేస్తారాండి?”

“తీయాలండీ. డైరెక్టరు కానివాళ్ళని డైరెక్టరని చూపిస్తే తప్పవుతుంది.”

“ఆయ్,” అన్నారు. లేచి వెళ్ళిపోయారు. తప్పకుండా నిలబడతారనే అనుకున్నాను. నేనే ఆవిడ స్థానంలో ఉంటే నిలబడేదాన్ని.

సర్వసభ్య సమావేశంలో ఆవిడ పేరు పిలిస్తే లేచి, “నాగమణి గారిని ఎన్నుకోండి. తాళ్ళ పని నాకు రాదు, ఆవిడకొచ్చు. నాకు ఈ కుర్చీతో వేరే పనుందండి, అది కంపెనీ పని కాదు,” అని చెప్పి కూర్చున్నారు. ఆ వేరే పని ఏమిటో బోర్డులో ఉన్న మాకు తెలుసు. చైర్మన్ గారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం ఆయనే నా దగ్గరకు వచ్చారు. “అమ్మా, ఆ పేజీ నిలబెట్టే దారేమైనా ఉందా చట్టంలో?”

ఉంది. గతంలో డైరెక్టర్లుగా చేసినవాళ్ళ వివరాలు, ఏ ఏడాదినుంచి ఏ ఏడాదివరకు చేశారో స్పష్టంగా చూపిస్తూ వేరే పేజీ పెట్టుకోవచ్చు. తరవాతి బోర్డు సమావేశంలో ఒక్కరు కూడా కాదనకుండా తీర్మానం చేశారు. అందులో ఇప్పటికీ సత్యవేణి గారిది ఒక్కటే ప్రొఫైల్. ఒక్క మనిషి కోసం పెట్టిన పేజీ అది.

ఇంతవరకు ఏ కబురూ రాలేదు. సత్యవేణి గారు ఇప్పుడు నెలనెలా రావడం లేదు. ఈ ఏడాది వేసవిలో ఒకసారి వచ్చి, పేజీలో తన ఫోటో మార్చమన్నారు. పాతదానికేమైందండీ, బాగానే ఉంది కదా అన్నాను. ఆవిడ జుట్టు ముందు భాగమంతా తెల్లబడింది.

“ఆ పిల్లకి పదిహేను దాటేయి గదండీ. అది పెద్దదైపోయింది, నేను మాత్రం అలాగే ఉంటే ఎలాగండి? వచ్చినప్పుడు ఎవరో అనుకోకూడదు,” అన్నారు.

మా ఆఫీసు గోడ ముందు నిలబెట్టి నా ఫోనుతోనే తీశాను. కొంగు సర్దుకుని, సూటిగా చూశారు. ఎప్పుడూ లేనిది, మొదటిసారికే ఫోటో బాగా వచ్చింది.

ప్రొఫైల్ అనేది కొనేవాళ్ళ కోసం, బ్యాంకుల కోసం రాసేదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు ఏ కంపెనీ డైరెక్టరు వివరాలు రాయాల్సి వచ్చినా, చదువేమిటి, అనుభవమెంత అని మొదలుపెట్టను. “ఇది ఎవరు చదవాలని మీకుందండీ?” అని అడుగుతాను. చాలామంది నవ్వేసి, మీకు తోచింది రాసేయండి అంటారు. ఎప్పుడో ఒకరు మాత్రం మాట్లాడకుండా ఉండిపోతారు. అలాంటప్పుడు నేను కలం మూత పెట్టేసి, టీ తెప్పించి, వాళ్ళు నోరు విప్పేదాకా కూర్చుంటాను.